గోధుమరంగు రొట్టె

అచ్చాఫీసు, మేడ మీద గది
వానలు మొదలైన వారం

వదినా,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ ఫోను బేకరీలో గల్లాపెట్టె పక్కన ఉంటుంది. గల్లాపెట్టె వెనక తలుపు, తలుపు వెనక అన్నయ్య. అన్నయ్య చెవులు ఎలాంటివో నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆస్పత్రిలో అన్నీ కలిశాయి. రక్తం కలిసింది. నోరు తిరగని పేర్లున్న పరీక్షలు ఇంకేవో చేశారు, అవీ కలిశాయి. కుదరనిది ఒక్క నా తూకమే. "మీ కిడ్నీ మీ అన్నయ్యకి పెట్టాలంటే ముందు మీరు బరువు తగ్గాలమ్మా. ఈ ఒంటితో ఆపరేషన్ అంటే మీకే ప్రమాదం" అన్నారు డాక్టరుగారు. ఎప్పటికి తగ్గగలనని అడిగితే, "అది మీ చేతుల్లో ఉంది" అన్నారు. నా చేతుల్లో! ఒక కామా ఉంచాలా తీసెయ్యాలా అని పొద్దంతా తేల్చుకోలేని మనిషి చేతుల్లో! అన్నయ్య అక్కడ డయాలిసిస్ మంచం మీద సూదులు గుచ్చించుకుని పడుకోవాల్సిందే, ఇక్కడ నా నడుము సన్నబడేదాకా.

నా వంట సంగతి నీకు తెలుసు. రెండు పూటలా బ్రెడ్డే. తెల్ల బ్రెడ్ మానేసి ముడిధాన్యం బ్రెడ్ తినమని ఆస్పత్రి డైటీషియన్ చెప్పింది. సరేనని అంగడికి వెళ్ళాను. తెల్లది ఉంది, బ్రౌన్‌ది ఉంది, గోధుమది ఉంది, అన్ని ధాన్యాలూ కలిపింది ఉంది, దేంతో చేశారో చెప్పకుండా 'సహజం' అని మాత్రం రాసింది ఉంది. మా ఆఫీసులో పేజీలు పేర్చే ఆయన్ని అడిగితే, "తెల్లదైనా గోధుమల్లోంచే వస్తుంది కదండీ, ఆకాశంలోంచి ఊడిపడదు కదా" అన్నాడు. ఇంటావిడేమో అసలు బ్రెడ్డే విషం అంది. బ్రెడ్ల బీరువా ముందు నేను ఎంతసేపు నిలబడ్డానంటే, "ఎవరికోసమైనా చూస్తున్నారా మేడమ్?" అని అంగడాయన కుర్చీ తెచ్చి వేశాడు.

చివరికి రెండు రకాలూ కొనుక్కొచ్చాను. రెండూ తిన్నాను.

రొట్టెల మధ్య కాపురం చేస్తున్నదానివి నువ్వు. ఏది తినాలో ఒక్క మాటలో చెప్పు.

నీ ఆడపడుచు

*

బేకరీ, గల్లాపెట్టె దగ్గర
బేరాలు లేని మధ్యాహ్నం

మా సన్నజాజి తీగకి,

ఒక్క మాటలో: గోధుమది. ఎందుకని మాత్రం అడక్కు, నేను అమ్మేదాన్నే గాని పరిశోధన చేసినదాన్ని కాదు.

మీ అన్నయ్య చెవుల గురించి రాశావు, కళ్ళ సంగతి మరిచిపోయావు. కవరు మీద నీ గుండ్రటి అక్షరాలు చూడగానే "బుంగ ఏమంటోంది?" అన్నారు. బ్రెడ్ గొడవ చెప్పాను. వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, "దాని రొట్టె నేనే చేసి పంపుతాను, వారానికొకటి. బయట కొనుక్కోవద్దని చెప్పు" అన్నారు. మన బేకరీలో ఏనాడూ తెల్ల రొట్టె, బన్ను, కేకు తప్ప ఇంకోటి చేసిన పాపాన పోలేదు. అందుకని నేనే వెళ్ళి తవుడుతో సహా ఆడించిన ముడిపిండి బస్తా ఒకటి తెప్పించి పిండిగదిలో పెట్టించాను. డయాలిసిస్ లేని రోజున, పనివాళ్ళంతా వెళ్ళాక, ఆయన ఒక్కరే చేస్తారట. ఇంకెవరి చెయ్యీ పడకూడదట.

చిత్రమేమిటో చెప్పనా? ఆయనకి ముడిధాన్యం వద్దన్నారు. అందులో ఏవో ఖనిజాలు ఎక్కువట, పాడైన కిడ్నీ వాటిని బయటికి పంపలేదట, తెల్లదే తినమన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టారు మీరిద్దరూ. నీకు మంచిదైంది ఆయనకి చెడు, ఆయనకి మంచిదైంది నీకు చెడు. నా బుర్ర ఈ లెక్క దగ్గరే ఆగిపోయింది.

శనివారం బస్సులో పెట్టె వస్తుంది. తొందరగా చిక్కిపో తల్లీ. నవ్వుతూ రాస్తున్నాననుకునేవు.

మీ వదిన

*

అచ్చాఫీసు, మేడ మీద గది
ఆదివారం, ఆఫీసులో ఎవరూ లేరు

వదినా,

పెట్టె వచ్చింది. మూత మీద అన్నయ్య చేత్తో 'గోధుమరంగు రొట్టె, బుంగకి' అని చీటీ. దాన్ని చింపబుద్ధి కాక నా బల్లమీది దీపానికి అంటించుకున్నాను. నలుగురూ చదువుతారని తెలిసే అంటించాను. అన్నయ్య రొట్టె అచ్చులో పోస్తాడు, నేను అచ్చులో తప్పులు ఏరతాను, మా ఇద్దరిదీ అచ్చు పనే అని నిన్న ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

రొట్టె మాత్రం అద్భుతం. అంగడిలో కొన్న ముడిధాన్యం ముక్క నమిలితే గుమ్మం ముందు పరిచే పట్టా నమిలినట్టు ఉండేది. ఇది నోట్లో పెట్టగానే కరిగిపోతోంది. ఒంటికి మంచిది ఇంత రుచిగా ఉండొచ్చా అని ఒక అనుమానం. ఉండకూడదని ఎవరన్నారు అని ఇంకో అనుమానం. ఈ రెండో అనుమానం తోడు చేసుకుని ఇంకో ముక్క తిన్నాను. మంచిదే కదా.

అన్నయ్య ఎలా ఉన్నాడో రాయలేదు నువ్వు.

*

బేకరీ, గల్లాపెట్టె దగ్గర
వాన వెలిసిన సాయంత్రం

తీగా,

ఎలా ఉన్నారో రాయలేదంటే ఏం రాయాలో తెలియక. చెప్పులు పట్టనంతగా కాళ్ళు వాస్తున్నాయి. పిండి పిసుకుతూ పిసుకుతూ మధ్యలో స్టూలు మీద కూర్చుండిపోతున్నారు, ఎవరైనా చూస్తే ఆలోచిస్తున్నట్టు మొహం పెడుతున్నారు. డయాలిసిస్ నుంచి వచ్చిన రోజు నీళ్ళ గ్లాసు ఇచ్చినా రెండు చేతులతో పట్టుకుంటున్నారు. నీ రొట్టె చేసే రోజు మాత్రం హుషారు. ఈలలు కూడా.

సరే గాని, తూకం ఏమంటోంది? ఇన్ని వారాలు అడగకుండా ఊరుకున్నాను. నా నాలిక ఇంక నా మాట వినడం లేదు.

మీ వదిన

*

ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
వానలు వెనకబట్టాక

వదినా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను.

తగ్గలేదు. నిజానికి కొంచెం పెరిగాను. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు, తూకం యంత్రానిదే తప్పేమో అన్నట్టు. "మీరు చెప్పినట్టే గోధుమదే తింటున్నాను" అన్నాను. "అయితే మరి?" అన్నారు. అదే నేనూ అడుగుతున్నాను, అయితే మరి?

ఒక మాట రాయకపోతే నాకు ఊపిరాడదు. తూకం ముల్లు వెనక్కి తగ్గనప్పుడు నాకు హాయిగా అనిపించింది వదినా. ఒక్క క్షణమే. అమ్మయ్య, ఇవాళ కాదు అని. ఆ వెంటనే అన్నయ్య కాళ్ళు గుర్తొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పటినుంచీ ప్రతి ముక్కనీ అనుమానంగానే చూస్తున్నాను. నేను ఇవ్వాలనే తింటున్నానా, ఇవ్వకుండా ఉండటానికి తింటున్నానా? గోధుమదే తింటున్నాను, మరి నా ఒళ్ళు ఎందుకు వినదు? మనసులో వద్దనుకుంటే ఒళ్ళు కూడా లావెక్కుతుందా? అలా జరగదని చదువుకున్న బుర్ర చెబుతోంది. ఆ బుర్ర మీద నాకు ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

నువ్వు తిట్టినా పరవాలేదు.

*

బేకరీ, పిండిగది
అదే వారం

నీకు,

తిట్టాను. నువ్వు వినలేదు గాని చాలా తిట్టాను.

నీ 'హాయి' దగ్గర ఆగిపోయాను. ఎదురుగా బన్నులు అడుగుతున్న మనిషికి చిల్లర ఇచ్చి బన్నులు ఇవ్వలేదు. అక్కడ నా మొగుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు, ఇక్కడ ఈవిడకి హాయట అనుకున్నాను. కోపమొస్తే నేను చీపురు పట్టుకుంటానని నీకు తెలుసు కదా. పిండిగది ఊడుద్దామని లోపలికి వెళ్ళి, నీ ముడిపిండి బస్తా జరపబోయాను. జరగలేదు. నిండుగా ఉంది. మూతి దగ్గర కుట్టు కూడా విప్పలేదు.

ఆయన బట్టీ దగ్గర ఉన్నారు. పిలిచాను.

"ఇదేమిటండీ?"

"బస్తా."

"బస్తా అని నాకూ కనిపిస్తోంది. ఇన్ని నెలలూ మీ చెల్లెలి రొట్టె దేంతో చేశారు?"

"పిండితో."

"ఏ పిండితో?"

నా చూపు అరమీదికి వెళ్ళింది. కేకుల్లో పోయడానికి మాడ్చిన చక్కెర పాకం ఉంచుతామే, ఆ సీసా. కొత్త సీసా, సగానికి వచ్చేసింది. కేకుల ఆర్డర్లు చూస్తే ఈమధ్య లేవు. అర్థమైంది కదా? నువ్వు తిన్నది ఉత్త మైదా రొట్టె. అందులో రంగుకి పాకం.

"దానికి అబద్ధం చెప్పారా?" అన్నాను.

"అబద్ధం ఎక్కడుంది? గోధుమరంగు రొట్టె అని రాశాను. గోధుమరంగులోనే ఉంది. గోధుమ రొట్టె అని రాశానా? అక్షరాలు చూసి జీతం తీసుకునే మనిషి, రెండక్షరాలు ఎక్కువున్నాయని చూసుకోవద్దూ?"

నవ్వొచ్చింది. నిజంగా వచ్చింది, అదే నాకు సిగ్గుగా ఉంది. తర్వాత ఎందుకు చేశారని అడిగాను. పిండి అంటిన వేళ్ళు గిల్లుకుంటూ అన్నారు:

"అది లావుగా ఉన్నంతకాలం వాళ్ళు దాన్ని కొయ్యరు."

ఇప్పుడు చెప్పు, నేను ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి? నీకు భయం. ఆయనకి నీ గురించి భయం. మధ్యలో నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. నీ పేరు చెప్పి ఆయన్ని తిట్టనా, ఆయన పేరు చెప్పి నిన్ను తిట్టనా?

వదిన

*

అచ్చాఫీసు, మేడ మీద గది
మంచు పడిన పొద్దున

వదినా,

చీటీ ఇంకా దీపానికే ఉంది. గో, ధు, మ, రం, గు. ఇన్ని నెలలు నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పొల్లు తప్పిపోతే పట్టుకుంటాను, అన్నయ్య రాసింది మాత్రం చదవలేదు, అన్నయ్యని చూశాను. అక్షరాల వెనక మనిషి ఉంటే నాకు అక్షరాలు కనిపించవని ఇప్పుడు తెలిసింది.

మొదట కోపం వచ్చింది. ఆ వెంటనే ఎంత తేలిక పడ్డానో! నా ఒళ్ళు కాదు, నా భయం కాదు, తప్పంతా అన్నయ్య పాకానిది అని. పరుగెత్తుకుంటూ వెళ్ళి డైటీషియన్‌కి చెప్పాను. ఆ అమ్మాయి తాపీగా విని, "తెల్లదానికీ గోధుమదానికీ కేలరీల్లో మరీ అంత తేడా ఉండదండీ. గోధుమదాంట్లో పీచు ఉంటుంది, కడుపు నిండినట్టుంటుంది, త్వరగా ఆకలెయ్యదు. అందుకే అది తినమన్నాను. ఇంతకీ పూటకి ఎన్ని ముక్కలు తింటున్నారు?" అంది.

వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగాను. అన్నయ్య చేసిందని, మంచిదని, వారానికి వచ్చిన రొట్టె మూడో రోజుకే అవగొట్టి మిగతా రోజులకి బయట కొనుక్కుంటున్నాను. తెల్లదా గోధుమదా అని ఇంత వేదన పడ్డాను గాని, ఎంత అని ఒక్కసారీ అనుకోలేదు. ఇందులో అన్నయ్య వాటా ఎంత, నా నోటి వాటా ఎంత, నా భయం వాటా ఎంత? విడదీసి ఎవరు తూస్తారు?

ఒకటి మాత్రం అర్థమైంది. ఇక రొట్టె మీద నెట్టేయడానికి లేదు. ఆదివారం వస్తున్నాను. అన్నయ్యకి చెప్పకు, చెబితే ఆ రోజే ఏదో పని పెట్టుకుంటాడు.

*

బేకరీ, గల్లాపెట్టె దగ్గర
నువ్వు వెళ్ళిన మర్నాడు

తీగా,

వచ్చావు, బట్టీ గదిలో తలుపేసుకున్నారు ఇద్దరూ, నువ్వు ఏమీ తినకుండా బస్సెక్కావు. నేను చెవి పెట్టలేదు, ఒట్టు. పెడదామనుకున్నాను, ఎవరో కేకు కోసం వచ్చారు.

మధ్యలో ఆయన బయటికి వచ్చి "పిలిచావా?" అన్నారు. నేను పిలవలేదు. పిలవలేదంటే, "ఓహో" అని అక్కడే నిలబడి, పేర్చిన బన్నులే మళ్ళీ పేర్చారు. అడిగితే బట్టీలో రొట్టెలు మాడతాయంటున్నారు. ఏం జరిగిందో నువ్వు చెప్పకపోతే నాకు ఎవరు చెబుతారు?

వదిన

*

ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
ఉత్తరం అందిన రోజే

వదినా,

చెబుతాను. చెప్పుకుంటేగాని నాకూ అర్థం కాదు.

నన్ను చూడగానే అన్నయ్య సీసా దాచాడు. నేను సీసా సంగతి ఎత్తలేదు. పిండి బల్లకి ఇటు నేను, అటు తను.

"నా కిడ్నీ నీకు వద్దా?" అన్నాను.

"నీకు నొప్పి వద్దు."

"నేనడిగింది అది కాదు."

"చిన్నప్పుడు నీకు ఇంజెక్షన్ చేస్తుంటే చూడలేకపోయేవాణ్ణే."

"చూడలేక బయటికెళ్ళి నా బిస్కెట్లు తినేశావు."

నవ్వాడు. ఆ నవ్వు కూడా ఆయాసంగానే వచ్చింది. అప్పుడన్నాను, "అన్నయ్యా, నాకు భయమే. ఆపరేషన్ మాట తలుచుకుంటే అరచేతులు చెమట పడతాయి. నీకు నిజంగా వద్దంటే ఒక్కసారి నోటితో చెప్పు. వద్దు అను చాలు. రేపే వెళ్ళి నా పేరు తీయించుకుంటాను, మళ్ళీ ఎత్తను. రొట్టెలతో మాత్రం చెప్పకు."

నా కళ్ళలోకి చూశాడు. నోరు తెరిచాడు. "వ" అన్నాడు.

ఆ మాట వస్తే నేను బయటపడతాను వదినా, ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాను. వస్తే బాగుండునా, రాకపోతే బాగుండునా, నాకే తెలియలేదు. అన్నయ్య తలుపు వైపు చూశాడు. "వ... వదిన పిలుస్తున్నట్టుంది" అని లేచి వచ్చేశాడు.

నువ్వు పిలవలేదని నాకు తెలుసు.

అన్నయ్యకి బతకాలని ఉంది. నేను అడిగే దాకా ఆ సంగతి తనకీ తెలియదేమో. నాకు నొప్పి వద్దన్నదీ నిజమే. ఆ రెండూ ఒకే నోట్లో ఇరుక్కుని మాట బయటికి రాలేదు. నాదీ అదే పరిస్థితి. ఏం నిర్ణయించుకున్నావని అడక్కు. బయట కొంటున్న ముడిధాన్యం బ్రెడ్, పూటకి రెండే ముక్కలు, నమలడానికి చాలాసేపు పడుతోంది. నమిలినంతసేపూ ఆలోచిస్తున్నాను.

*

బేకరీ, గల్లాపెట్టె దగ్గర
చలి బాగా ముదిరాక

తీగా,

నిన్న మీ అన్నయ్య బస్తా కుట్టు విప్పారు.

నేనేమీ అనలేదు. నీ ఉత్తరం చూపించనూ లేదు. తనే కత్తి తీసుకుని దారం తెంపారు. ఆరు నెలలు ఎండిన పిండి, చేతికి అలవాటు లేని పిండి, తెల్లదానిలా పొంగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నారు. అది పొంగలేదు. బట్టీలోంచి తీస్తే ఇటుకలా ఉంది. బల్ల మీద పెడితే చప్పుడైంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి ఆ చప్పుడు విని తలదించుకున్నారు. పోనీ రుచి చూద్దామంటే డాక్టర్లు తనకి వద్దన్నారాయె. నన్ను తినమని నా మొహం చూస్తూ కూర్చున్నారు. నమిలాను. నమిలాను. దవడ నొప్పెట్టింది.

"ఎలా ఉంది?" అన్నారు.

"ఆరోగ్యంగా ఉంది" అన్నాను.

చాలా రోజుల తర్వాత ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "దీన్ని పంపితే దానికి తెలుస్తుందా?" అన్నారు. ఏం తెలియాలో నేను అడగలేదు. పంపుతున్నాను. పళ్ళు జాగ్రత్త.

నా సంగతి కూడా ఒకటి రాయనీ. ఆ రోజు నీమీద కోపం తెచ్చుకున్నాను కదా, అది తప్పని చెప్పలేను. నువ్వు ఇవ్వాలనే నాకు ఉంది. నువ్వు ఇవ్వలేనన్నా నా ఆడపడుచువే. రెండూ రాశాను, ఏది ముందో నువ్వే దిద్దుకో.

వదిన

*

ఆస్పత్రి ఎదురుగా టీ దుకాణం
ఎండ కాస్తున్న ఉదయం

వదినా,

ఇంటికెళ్ళి రాసేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను. కాగితం మీద టీ పడితే ఏమీ అనుకోకు.

తూకం తగ్గింది. వాళ్ళకి కావాల్సినదానికి దగ్గరగా వచ్చాను, ఆపరేషన్ నాటికి మిగతాదీ తగ్గుతుంది, చాలు అన్నారు డాక్టరుగారు. భయం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ మాట ఆయనతో అంటే, పక్క గదిలో ఒకావిడ దగ్గరికి పంపించారు. కిడ్నీ ఇచ్చేవాళ్ళతో విడిగా మాట్లాడేది ఆవిడేనట. తలుపు వేసి, "ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని బలవంతం చేస్తున్నారా?" అంది.

"బలవంతంగా ఆపాలని చూశారండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. చాలామంది ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మొహం అది. "మీకు ఇష్టమేనా?" అంది.

"ఇష్టమేనండీ."

"భయంగా ఉందా?"

"చాలా."

"రెండిట్లో ఏది ఎక్కువ?"

"రోజుకోలా ఉంటుందండీ. పొద్దున ఒకటి, సాయంత్రానికి ఇంకోటి. నేను చదువుకున్నదాన్ని, అయినా తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకునేదాకా ఆగితే మా అన్నయ్య ఆగలేడు."

"ఇప్పుడే వద్దని వెళ్ళిపోయినా, ఒంటికి సరిపడలేదని మాత్రమే మీ వాళ్ళకి చెబుతాం. మీ మాట బయటికి రాదు" అంది ఆవిడ. తలుపు వైపు చూసింది, నేనూ చూశాను. గొళ్ళెం కూడా పెట్టలేదు. లేచి వెళ్ళిపోవడం అంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను.

"సరే, ఇవాళ ఏది ఎక్కువ?" అంది ఆవిడ.

"ఇవాళ ఇష్టం" అన్నాను.

"అయితే ఆపరేషన్ ఏ తేదీనో ఇవాళే అనుకుందామా?"

అనుకుందామన్నాను వదినా. వచ్చే నెల రెండో సోమవారం. అన్నయ్యకి నువ్వే చెప్పు. వద్దంటాడేమో, ఈసారి పూర్తిగా అననివ్వు.

నీ ఆడపడుచు